రెండో గడిలో మైనస్ రెండు

ఊళ్లో సగం మందికి ఆమె అసలు పేరు తెలియదు. క్లోరినమ్మ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పంతొమ్మిదేళ్లుగా మూడో నంబరు నీళ్ల ట్యాంకు దగ్గర నీళ్లు పరీక్ష చేసి, బ్లీచింగ్ పౌడరు కలిపించడం ఆమె ఉద్యోగం. ఎంత సబ్బు పెట్టి తోముకున్నా చేతుల వాసన పోయేది కాదు. ఆమె బస్సెక్కితే వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్లు కళ్లు తెరవకుండానే "క్లోరినమ్మ ఎక్కింది" అనేవారు. దానికామె ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. "ఒకళ్లకి అత్తరు వాసన, నాకు శుభ్రం వాసన. తేడా ఏముంది?" అనేది.

ట్యాంకు కాళ్ల మధ్య ఇరుకైన గదిలో ఆమె బల్ల. బల్ల మీద టెస్ట్ ట్యూబుల స్టాండు, చుక్కల మందు సీసా, గోడకి అయిదు పసుపు రంగుల పట్టీ. పొద్దున్న పది గంటలకి ట్యూబులో నీళ్లు పట్టి, నాలుగు చుక్కలు వేసి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసేది. నీళ్లు పసుపెక్కేవి. ముదురు పసుపైతే ట్యాంకులో మందు దండిగా ఉన్నట్టు, సాయంత్రం కలిపినా చాలు. లేత పసుపైతే మధ్యాహ్నానికే కలపాలి. "పంపన్నా, ఇవాళ మూడింటికి" అని కిటికీలోంచి కేకేసేది. పంపు ఆపరేటరు మూడింటికి మెట్లెక్కి బకెట్టు గుమ్మరించేవాడు. పంతొమ్మిదేళ్లలో ఆ ట్యాంకు నీళ్లు తాగి ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు. అలా ఎవరికీ ఇబ్బంది లేకుండా సాగిపోతోంది గనుకే పైవాళ్ల కన్ను పడింది.

ఒక సోమవారం నీళ్ల ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. దాంతోపాటు ఇటుకంత మందాన ఫారాల కట్ట కూడా. ఇకమీదట మందు కలపవలసిన సమయమును కంటితో అంచనా వేయరాదు. నిపుణులు ఇచ్చిన సమీకరణమును సాధించి కనుగొనవలెను. రంగుల పట్టీలో ఒక్కో రంగుకూ ఒక అంకె ఇవ్వడమైనది: 4, 10, 18, 28, 40. ఆ రోజు అంకె పది అయితే, సమీకరణము ఇది:

ln t + ln (t − 3) = ln 10

పంపన్న ఆ కాగితాన్ని చేతికంది దూరం పెట్టి చదివాడు. "ఎల్లెన్ టీ ప్లస్ ఎల్లెన్ టీ మైనస్ మూడు... అక్కా, మనకిచ్చే టీల్లో మూడు కోసేస్తున్నారేమోనే!"

"తాగే టీ కాదురా. టీ అంటే గంటలు. ఎన్ని గంటల తర్వాత మందు కలపాలో అది."

"మరి ఎల్లెన్?"

"లాగు."

"లాగా? అది కుట్టాల్సింది మా బావ కదా, మన చేతికిచ్చారేంటి?"

ఆమె భర్త దర్జీ. ఈ మాట విన్న రోజు ఆయన కూడా ఇదే మాటన్నాడు, పైగా కొలత ఎంతని అడిగాడు.

క్లోరినమ్మకి నవ్వు రాలేదు. చదువుకునే రోజుల్లో సంవర్గమానాల పాఠం వచ్చినప్పుడల్లా ఆమెకి జ్వరం వచ్చేది. పరీక్షలో ఆ ప్రశ్నని దాటేసి, మిగతావి రాసి, అంచు మీద గట్టెక్కింది. దాటేసిన ప్రశ్న ముప్పయ్యేళ్లకి ఆఫీసు ముద్ర వేయించుకుని మరీ వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, రంగులు అయిదే కదా. జవాబులూ అయిదే ఉంటాయి. ఒక్కసారి ఎవరిచేతనైనా చేయించి గోడ మీద రాసేసుకుంటే సరిపోదూ?" అన్నాడు పంపన్న.

తెలివైన మాటే. కానీ సర్క్యులర్ అడుగున ఉండనే ఉంది: 'ప్రతి దినము కొత్తగా సాధించవలెను. గోడలపై రాయరాదు.'

ఇంట్లో అత్తగారున్నారు. ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. చూపు సూదిలో దారం ఎక్కించేంత, వినికిడి మాత్రం సగం. కొడుకు కత్తెర పట్టుకున్నాడు, కోడలు బకెట్టు పట్టుకుంది, ఈ ఇంట్లో లెక్క పట్టుకున్నది నేనే ఆఖరు అని ఆవిడకి లోపల గుచ్చుకుంటూనే ఉండేది. కోడల్ని తిట్టేది కాదు. అంతకన్నా ఎక్కువ చేసేది, ఏమీ అడిగేది కాదు.

ఆ సాయంత్రం క్లోరినమ్మ ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది. "అత్తయ్యా, సహజ సంవర్గమానం అంటే ఏంటండీ?"

పక్కనే కుక్కరు కూసినా వినపడని మనిషికి ఆ మాట మాత్రం మొదటిసారికే వినపడింది. కుర్చీ చర్రున లాక్కుని వచ్చేసింది.

"e అని ఒక అంకె ఉందే. రెండు పాయింట్ ఏడు ఒకటి ఎనిమిది, ఆపైన ఇక తెగదు. అలాంటివి రెండు పెట్టి హెచ్చిస్తే ఏడు చిల్లర. మూడు పెట్టి హెచ్చిస్తే ఇరవై. మరి పది రావాలంటే?"

"రెండుకీ మూడుకీ మధ్యలో ఎక్కడో..."

"ఆ ఎక్కడోకి పేరే ln 10."

"ఇందులో సహజం ఏముందండీ?"

"నీ ట్యాంకులో మందు ఎలా తగ్గుతుంది? ఎక్కువుంటే ఎక్కువ పోతుంది, తక్కువుంటే తక్కువ పోతుంది. అవునా? అలా తరిగే ప్రతిదాని వెనకా ఈ e కూర్చుని ఉంటుంది."

"ఉల్లిపాయ తరిగినట్టా?"

"అది నువ్వు తరగడం. ఇది తనంతట తాను తరగడం. ఆ కత్తి కింద పెట్టి పెన్సిలు పట్టుకో."

ఎనిమిది రోజులు సాగింది పాఠం. రెండు లాగుల్ని కూడితే లోపలి అంకెలు హెచ్చించుకుంటాయన్నది మొదటి రోజు. అంటే t ని (t − 3) తో హెచ్చిస్తే పది. రెండో రోజు పదిని ఇటు తెచ్చారు. t వర్గం మైనస్ 3t మైనస్ పది సమానం సున్నా. దాన్ని (t − 5), (t + 2) అని రెండు ముక్కలు చేయడానికి క్లోరినమ్మకి మూడు రోజులు పట్టింది. ఇంట్లో కూరలు మాడాయి. దర్జీ ఆయన వారం రోజులు రొట్టె, పాలతో సరిపెట్టుకుని, ఒక గిరాకీ ప్యాంటుకి రెండు కాళ్లూ ఒకే వైపువి కుట్టాడు. ఎనిమిదో రోజు ఆమె ఒక్కతే కూర్చుని, పెదవి కొరుక్కుంటూ, ఆఖరు గీత దాకా చేసింది. t అయిదైనా కావాలి, మైనస్ రెండైనా కావాలి.

"ఇప్పుడు రెండిటినీ వెనక్కి తీసుకెళ్లి మొదటి సమీకరణంలో పెట్టి చూడు" అంది అత్తగారు. "అయిదు పెట్టు. ln 5, ln 2. రెండూ ఉన్నాయి, కలిస్తే ln 10. భేషుగ్గా ఉంది. మైనస్ రెండు పెట్టు. ln మైనస్ రెండు! e ని ఎన్నిసార్లు హెచ్చించు, ఎన్నిసార్లు భాగించు, సున్నా దగ్గరికి వస్తుందేగానీ సున్నా కాదు. ఇక దాని అవతలికి ఎక్కడ పోతుంది? ఋణసంఖ్యకి సంవర్గమానం లేదు. మైనస్ రెండు చెల్లదు. కొట్టెయ్."

"మరి లేనిది జవాబుల్లోకి ఎలా దూరిందండీ?"

అత్తగారు కోడలి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ముప్పై రెండేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

"మైనస్ రెండు పెడితే ఒకటి మైనస్ రెండు, ఇంకోటి మైనస్ అయిదు. విడివిడిగా రెండిటికీ లాగు లేదు. కానీ హెచ్చిస్తే పది! ఇద్దరు అబద్ధాలకోర్లు ఒకళ్లకొకళ్లు సాక్ష్యం చెప్పుకున్నట్టు. కలిపి చూస్తే నిజంలాగే ఉంటుంది. విడదీసి అడిగితే దొరికిపోతారు."

మర్నాడు రంగు అంకె పదే వచ్చింది, క్లోరినమ్మ ఫారం నింపింది. ఫారంలో రెండు గళ్లున్నాయి. మొదటి సాధన, రెండవ సాధన. మొదటి గడిలో అయిదు రాసి, రెండోది వదిలేసింది. పదికి కలిపిన అయిదు, మూడింటికి మందు. ఎనిమిది రోజులు కష్టపడి కనుక్కున్నది ఇన్నాళ్లూ కిటికీలోంచి కేకేసిన మాటే.

ఫారం తిరిగొచ్చింది. 'రెండవ గడి ఖాళీగా ఉన్నది.' ఆమె 'లేదు' అని రాసి పంపింది. 'అక్షరములు అంగీకరించబడవు. అంకె రాయవలెను' అని తిరిగొచ్చింది. సున్నా వేసి పంపింది. 'సున్నా సమీకరణమును తృప్తిపరచదు' అని మళ్లీ వచ్చింది.

"ఆఫీసుని తృప్తిపరచలేక చస్తున్నాం, మళ్లీ సమీకరణాన్ని కూడానా?" అన్నాడు పంపన్న.

నాలుగోసారి ఆమె కళ్లు మూసుకుని మైనస్ రెండు వేసింది. ఫారం వెనక్కి రాలేదు. తర్వాత తెలిసింది, నీళ్ల ఆఫీసులో దాని మీద 'చక్కగా ఉన్నది' అని ముద్ర వేశారట.

ఇంట్లో ఈ సంగతి చెబితే అత్తగారు రెండు పూటలు అన్నం మానేసింది.

అప్పట్నుంచి క్లోరినమ్మ రోజూ రెండో గడి అలాగే నింపింది. నెల తిరిగేసరికి మెమో వచ్చింది. 'మీ రెండవ సాధనల ప్రకారము పరీక్షకు ముందుగానే మందు కలపవలసి ఉండగా, ఈ మాసమందు ఒక్క దినమైనను కలిపినట్లు రిజిస్టరులో లేదు. మొత్తము అరవై ఎనిమిది గంటల నిర్లక్ష్యము. సంజాయిషీ ఇవ్వగలరు.' మైనస్ రెండు గంటలంటే పరీక్షకి రెండు గంటల ముందు. పదింటికి పరీక్షయితే ఎనిమిదింటికే కలిపి ఉండాల్సింది. ఆఫీసువాళ్ల లెక్క అది.

క్లోరినమ్మ సంజాయిషీ రాసింది. 'అయ్యా, పదింటికి పరీక్ష చేస్తేనేగానీ ఎనిమిదింటికి కలపాలని తెలియదు. తెలిసేసరికి ఎనిమిది అయిపోతుంది.'

నీళ్ల ఆఫీసు పెద్దసారు మంచివాడే. ఆయన దాన్ని చదివి, పాపం ఆవిడకి పని ఎక్కువైందనుకుని, ఒక మనిషిని వేశాడు.

ఆ వచ్చినాయనకి యాభై ఏడేళ్లుంటాయి. పొందికైన మనిషి. ఒక చేతిలో కూర్చునే దిండు, ఇంకో చేతిలో నియామక పత్రం. పత్రంలో హోదా ఇలా ఉంది: ఋణ కాల పర్యవేక్షకుడు. అంతకుముందు ఆయన మూసేసిన ఆఫీసుల తాళంచెవులు భద్రపరిచే ఆఫీసులో పనిచేసేవాడట. దాన్ని కూడా మూసేశారు.

"ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందండీ?" అని అడిగాడు పంపన్న.

"అది నా జేబులో ఉండిపోయిందండీ" అన్నాడాయన సిగ్గుపడుతూ.

పంపన్న ఆయనకి మైనస్ బాబాయ్ అని పేరు పెట్టాడు. బాబాయ్ మనసు పెట్టి పనిచేసేవాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. పదింటికి ఏ రంగు వస్తుందో ఎవరికీ ముందుగా తెలియదు. ముదురు రంగొస్తే నలభై. దానికి జవాబులు ఎనిమిది, మైనస్ అయిదు. అంటే పొద్దున్న అయిదింటికి కలిపి ఉండాలి. మిగతా రంగులకి ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఏదొచ్చినా మాట రాకూడదని బాబాయ్ అయిదింటికే వచ్చి, తొమ్మిది దాకా గంట గంటకీ ఒక బకెట్టు కలపడం మొదలుపెట్టాడు.

నాలుగు రోజుల్లో ఊరు ఊరంతా క్లోరినమ్మ చేతుల్లా వాసనేసింది. ముఖాలు కడుక్కుంటే కళ్లు మండాయి. నీలం చొక్కాలు తెల్లబడ్డాయి, నల్ల ప్యాంట్లు బూడిద రంగుకి దిగాయి. జనం దర్జీ షాపు మీద పడ్డారు. "ఏం గుడ్డ వేశావయ్యా, రెండు ఉతుకులకే వెలిసిపోయింది!" అని. ఆయన ఇంటికొచ్చి, "నీ లాగు లెక్క నా లాగుల మీదకొచ్చిందే" అన్నాడు.

క్లోరినమ్మ మర్నాడు పొద్దున్నే అయిదింటికి వెళ్లి బాబాయ్ పక్కన నిలబడింది.

"బాబాయ్ గారూ, ఈ మందు ఆపాలండీ. నీళ్లు తాగేలా లేవు."

"నాకూ తెలుస్తోందమ్మా. నా మీసమే తెల్లబడింది. కానీ కలపకపోతే నా ఉద్యోగం ఏమైనట్టు? రిజిస్టర్లో ఏమని రాయను?"

ఆమె ఆలోచించింది. అబద్ధం రాయించడం ఆమె ఒంటికి పడదు. అలాగని ఊరికి విషం పెట్టలేదు. "మీరు చూసుకునేది లేని గంట కదండీ?" అంది.

"అవును."

"లేని గంటలో లేని మందు కలపండి."

ఖాళీ బకెట్టు ఆయన చేతికిచ్చింది. ఆయన బకెట్టులోకి తొంగిచూశాడు. ఆమె వంక చూశాడు. తర్వాత మెట్లెక్కి, మూత తీసి, ఆ బకెట్టుని రెండు చేతులా పట్టుకుని నిదానంగా వంచాడు. ఆఖరి చుక్క కూడా పడాలన్నట్టు అడుగు మీద రెండు తట్లు తట్టాడు. కిందికొచ్చి రిజిస్టర్లో 'బకెట్టు పూర్తిగా వంచితిని' అని రాసి సంతకం పెట్టాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

వారంలో నీళ్లు బాగుపడ్డాయి. అన్నీ సర్దుకున్నాయి అనుకుంటుండగా, ఒకరోజు ఏడింటికి పెద్దసారు జీపు దిగాడు. నీళ్లు ఇంత బాగా ఎలా ఉన్నాయో చూసి పోదామని వచ్చాడట. సరిగ్గా అప్పుడు బాబాయ్ పైన బకెట్టు వంచుతున్నాడు.

"ఏమయ్యా, అందులోంచి ఏమీ పడట్లేదేంటి?"

"ఋణ కాలం మందు సార్" అన్నాడు బాబాయ్ పైనుంచి.

పెద్దసారు కిందకి దింపించి బకెట్టు చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు. పొడిగా ఉంది. "ఖాళీ బకెట్టు! ఇన్నాళ్లూ ఇదేనా?" అని కేకలేశాడు. గురువారం పదకొండింటికి క్లోరినమ్మ, పంపన్న, బాబాయ్ ముగ్గురూ విచారణకి రావాలని ఆర్డరు వేసి వెళ్లిపోయాడు.

ఆ గురువారం క్లోరినమ్మ వెనకే అత్తగారు కూడా బయల్దేరింది. ఎవరూ రమ్మనలేదు. "ఆ మైనస్ రెండు సంగతి తేలాలి" అని చెప్పులు వేసుకుంది.

పెద్దసారు గదిలో అద్దం పరిచిన పెద్ద బల్ల. ఒక పక్క క్లోరినమ్మ, పంపన్న. ఇంకో పక్క దిండు ఒళ్లో పెట్టుకుని బాబాయ్. ముసలావిడ లోపలికి రాగానే పెద్దసారు ఎందుకో తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"కూర్చో నాయనా. ఋణసంఖ్యకి సంవర్గమానం ఉంటుందా, ఉండదా?"

"అమ్మా, నేను మీ దగ్గర చదువుకోలేదండీ..."

"తెలుస్తూనే ఉంది" అని ఆవిడ పర్సులోంచి సుద్దముక్క తీసి, ఆయన బల్ల అద్దం మీదే లెక్క మొత్తం చేసింది. ఫైళ్లు అడ్డొస్తే పక్కకి తోసింది. ఆఖర్న, "ఇప్పుడు నీ క్యాలిక్యులేటరు తీసి మైనస్ రెండు కొట్టి ln నొక్కు" అంది.

పెద్దసారు నొక్కాడు. తెర మీద 'ఎర్రర్' అని వచ్చింది.

"చూశావా!" అంది అత్తగారు.

"చూశాను. ఇది పాడైపోయింది" అని పెద్దసారు గంట కొట్టాడు. స్టోరు నుంచి ఇంకోటి తెప్పించాడు. అదీ ఎర్రర్ అంది. స్టోరు కీపరు మూడోది, నాలుగోది పట్టుకొచ్చాడు. పక్క గదుల్లోంచి కూడా తెచ్చారు. పదకొండు క్యాలిక్యులేటర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎర్రర్ అన్నాయి. పదకొండింటినీ అట్టపెట్టెలో పడేసి, 'పనికిరానివి' అని ముద్ర వేసి, సరఫరా చేసినవాళ్లకి నోటీసు రాయమన్నాడు.

అత్తగారు నీరసంగా కుర్చీలో కూలబడింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఎంతమంది మొండి పిల్లల్ని చూసిందో గానీ, ఇలాంటిది చూడలేదు.

అప్పుడు క్లోరినమ్మ నోరు తెరిచింది. ఆఫీసు గదిలో ఆమె అంతకుముందు ఎప్పుడూ అడగనిదే మాట్లాడలేదు.

"సార్, మా అత్తయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఫారం మార్చడం మీ చేతుల్లో ఉందా?"

"లేదమ్మా. రెండు లక్షల ఫారాలు అచ్చయి ఉన్నాయి. రెండో గడి నిండాల్సిందే."

"నింపుతాం సార్. మైనస్ రెండు రాస్తాం. రాసి దాని మీద గీత పెట్టి కొట్టేస్తాం. గడి నిండాలన్నారు గానీ, నింపింది కొట్టెయ్యకూడదని ఎక్కడా లేదు కదండీ?"

పెద్దసారు సర్క్యులర్ తిరగేశాడు. ముందు చూశాడు, వెనక చూశాడు. నిజంగానే లేదు. గదిలో గాలి కాస్త తేలికపడింది. కానీ అంతలోనే ఆయన వేలు ఎత్తాడు.

"ఆగండాగండి. ఆఫీసు కాగితంలో ఏది కొట్టేసినా పక్కన బాధ్యతగల అధికారి సంతకం ఉండాలి. రోజూ నేనొచ్చి పెడతానా?"

అందరూ ఒక్కసారిగా బాబాయ్ వైపు తిరిగారు.

బాబాయ్ దిండు పక్కన పెట్టి నెమ్మదిగా నిలబడ్డాడు. "నేను పెడతానండీ" అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. "నా హోదాకి సరిపోతుందంటే."

సరిపోయింది. ఆ రోజు నుంచి పదీ పావుకి క్లోరినమ్మ లెక్క చేసి, రెండో గడిలో ఋణసంఖ్య రాసి, అడ్డగీత కొట్టేది. బాబాయ్ కళ్లజోడు తుడుచుకుని, గీత తిన్నగా ఉందో లేదో చూసి, దాని పక్కన పొడుగాటి సంతకం పెట్టేవాడు. అరవై ఎనిమిది గంటల నిర్లక్ష్యం కూడా అలాగే పోయింది. ఆ నెల ఫారాలన్నీ తెప్పించి, ముప్పై చోట్ల గీతలు కొట్టి, ముప్పై సంతకాలు పెట్టాడాయన. ఆయన పదవి ఎత్తేయాలన్న కాగితం ఒకటి మధ్యలో కదిలిందట గానీ, ఆ పదవిని కొట్టేయడానికి కూడా ఆయన సంతకమే కావాల్సొచ్చింది.

ఈ పద్ధతి నచ్చి, పెద్దసారు మిగతా ట్యాంకులవాళ్లందరికీ నేర్పమని క్లోరినమ్మకి ఆర్డరు వేశాడు. వాళ్లకీ ఫారాలు తిరిగొస్తున్నాయి, వాళ్లకీ మెమోలు వెళ్తున్నాయి. ఊరి అవతల పైపుల గోడౌనులో క్లాసు. నలభై మంది వచ్చారు. పైపుల మీద కూర్చున్నారు కొందరు, పైపుల్లో కూర్చున్నారు కొందరు. క్లోరినమ్మ సుద్ద పట్టుకుంటే చేతికి ఇంకో రకం తెలుపు అంటింది. మొదటి అరగంట లెక్కని బోర్డు మీద రాయడం, తుడవడంతోనే సరిపోయింది. తర్వాత ఎవరో వెనకనుంచి, "అమ్మా, చెల్లదని తెలిసినప్పుడు అసలు రాయడం ఎందుకండీ?" అని అడిగారు.

"రెండూ ఒకే దారిలో వస్తాయి బాబూ. గుమ్మం దాకా వచ్చాకగానీ ఎవరు మనవాళ్లో, ఎవరు కాదో తెలీదు. అందుకే ప్రతిసారీ పెట్టి చూడాలి" అంది. అక్కణ్ణుంచి మాట ఆగలేదు. సాయంత్రానికి ముప్పై ఆరుగురికి లెక్క వచ్చింది. మిగతా నలుగురు పైపుల్లో నిద్రపోయారు.

అత్తగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఒక్క మాట అడ్డు రాలేదు. అయిపోయాక మాత్రం తిరుగు బస్సులో, టికెట్టు వెనక పెన్సిలుతో గబగబా ఏదో గీసి కోడలి చేతిలో పెట్టింది. e కి 2x ఘాతం, మైనస్ మూడు e కి x ఘాతం, ప్లస్ రెండు, సమానం సున్నా.

"ఇది మీ ఆఫీసు లెక్క కాదు. చెయ్యి చూద్దాం."

క్లోరినమ్మ టికెట్టుని మోకాలి మీద పెట్టుకుంది. e కి x ఘాతాన్ని y అనుకుంది. y వర్గం మైనస్ 3y ప్లస్ రెండు. ముక్కలు చేస్తే y ఒకటి, లేదా రెండు. అంటే x సున్నా, లేదా ln 2. అలవాటైన చెయ్యి, సున్నా మీద అడ్డగీత పెట్టబోయింది.

"దేన్ని కొట్టేస్తున్నావే? పెట్టి చూశావా?"

చూసింది. e కి సున్నా ఘాతం ఒకటి. ఒకటి మైనస్ మూడు ప్లస్ రెండు, సున్నా. నిలబడింది. ఇక ln 2 ని పెట్టి చూడాలి. ఈలోగా దీపాల స్తంభాలు, దుకాణాలు, వాళ్ల వీధి మలుపు, అన్నీ కిటికీ పక్కనుంచి వెళ్లిపోయాయి. ఇద్దరిలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఇంజను ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ బస్సులో ఇద్దరు ఆడవాళ్లు ఒక టికెట్టు మీదకి వంగి కూర్చుని ఉన్నారు.

"దిగండమ్మా, డిపో వచ్చేసింది."

"ఉండు నాయనా" అంది అత్తగారు తల ఎత్తకుండానే. "ఇంకో మెట్టుంది."

"మా బస్సుకి రెండే మెట్లమ్మా" అన్నాడు డ్రైవరు. అని, ఏమనుకున్నాడో, పైన లైటు వేసి, సీట్లో వెనక్కి జారబడ్డాడు.